గేటు దగ్గర పేలిన తుపాకీ

హంతకుడెవరో ముందే చెప్పేసి, ఎందుకు చంపాడన్నది చివరిదాకా దాచడం కష్టమైన విద్య. విలియం ఫాక్నర్ 1936 నవల ‘అబ్సలోం, అబ్సలోం!’ని ఆ విద్య కోసమే మళ్లీ చదువుతుంటాను. 1865లో, అమెరికా అంతర్యుద్ధం నుంచి తిరిగొచ్చిన హెన్రీ సట్పెన్ తన ప్రాణస్నేహితుడు చార్లెస్ బాన్‌ను సొంత ఇంటి గేటు దగ్గరే కాల్చేస్తాడు. బాన్ అతని చెల్లెలు జూడిత్‌ను చేసుకోబోయే వరుడు.

ఈ కథను ఏళ్ల తర్వాత విని కూర్చుకునే కుర్రాడు క్వెంటిన్. అతనికి కారణం చెప్పేవాళ్లు చాలామందే. బాన్‌కు న్యూ ఆర్లీన్స్‌లో నల్లరక్తం కలిసిన భార్య, కొడుకు ఉన్నారంటాడు క్వెంటిన్ తండ్రి. చాలదనిపిస్తుంది. బాన్ హెన్రీ తండ్రి మొదటి భార్య కొడుకని తర్వాత తేలుతుంది. అంటే వావి తప్పిన పెళ్లి. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు చెల్లెలి కోసం అమ్నోనును చంపించిన అబ్షాలోము గుర్తొస్తాడు. ఇదే అసలు గుట్టు అనుకుంటాం.

కాదు. 1910 చలికాలంలో హార్వర్డ్ గదిలో క్వెంటిన్, అతని గదిలో ఉండే స్నేహితుడు ష్రీవ్ కలిసి అల్లుకున్న కథలో, హెన్రీ యుద్ధమంతా మథనపడి ఆ పెళ్లికి సైతం మనసు సరిపెట్టుకుంటాడు. బాన్ తల్లిది నల్లరక్తమని తండ్రి చెప్పాకే తుపాకీ ఎత్తుతాడు. నవలలో దీనికి గట్టి రుజువు కనిపించదు. చంపడానికి అనుమానం సరిపోయింది.

అదే ఇంట్లో క్లైటీ ఉంటుంది. హెన్రీ తండ్రి సట్పెన్‌కు బానిస స్త్రీ వల్ల పుట్టిన కూతురు, హెన్రీ, జూడిత్‌లతో కలిసి పెరిగిన పిల్ల. ఆమె పుట్టుక మీద ఎవరూ తుపాకీ తియ్యలేదు. దొర బానిసను అనుభవిస్తే మామూలు సంగతి. నల్లరక్తమున్నవాడు పెళ్లి పీటలెక్కి ఇంటిపేరుకూ ఆస్తికీ హక్కుదారుడైతే మహాపరాధం. ఫాక్నర్ దీని మీద ఉపన్యాసం ఇవ్వడు. క్లైటీని ఇంట్లో తిరగనిస్తాడు, అంతే. నవల మొత్తంలో నాకు గొప్పగా తోచిన పనితనం అది.

ఇది కల్పన కదా అని తీసిపారేయడానికి లేదు. ఎనిమిదో వంతు నల్లరక్తమున్నా తెల్లవారితో పెళ్లి చెల్లదని ఈ నవల నడిచే మిసిసిపీ రాష్ట్రం తన 1890 రాజ్యాంగంలో రాసుకుంది. 1967లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టాలను కొట్టేసింది. అయినా మిసిసిపీ ఓటర్లు ఆ నిబంధనను తీసేసింది 1987లో.

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. వాక్యాలు పేజీల పొడవున సాగి దారి తప్పినట్టనిపించినా, పుస్తకం చివర ఫాక్నర్ ఇచ్చిన వంశ వివరాలు ముందే చూడకండి. బాన్ ఎవరి కొడుకో అక్కడ ఒక్క ముక్కలో రాసేశాడు.