అగ్గువ రూం, ఎవరి పేరు మీద?

"అన్నా, మా పోరనికి అమెరికల రూం దొరికిందట. నెలకు 350 డాలర్లేనట, అగ్గువకే వచ్చింది."

దంతాలపల్లిలో ఈ మాట ఇప్పుడు కొత్త కాదు. 2016లో మండలమైన ఊరు మాది. పత్తి, మిర్చి అమ్మిన డబ్బుకు బ్యాంకు లోను కలిపి పిల్లల్ని టెక్సాస్‌కో మిస్సోరీకో పంపుతున్న ఇళ్లు తొర్రూరు వైపూ ఉన్నాయి, మరిపెడ వైపూ ఉన్నాయి. ఆ తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. కిరాయి ఎంతో తర్వాత అడగండి, లీజులో పిల్లవాడి పేరుందో లేదో ముందు కనుక్కోండి.

మన దగ్గర కిరాయికి దిగాలంటే ఓనరు ఎదురుగానే ఉంటాడు. ఏ ఊరు, ఎవరబ్బాయివి అని అడిగి, అడ్వాన్సు తీసుకుని తాళం చేతిలో పెడతాడు. నేను చదువుకున్న టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో మా ఇంటి ఓనరు ఎవరో చివరిదాకా మాకు తెలియలేదు. అపార్ట్‌మెంట్ ఆఫీసులోని మేనేజరు క్రెడిట్ స్కోరు అడిగింది, కిరాయికి మూడింతలు నెల ఆదాయం చూపించమంది. కొత్తగా దిగిన విద్యార్థికి రెండూ ఉండవు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు కూడా. అందుకే మన పిల్లలు సీనియర్ల ఇళ్లలో సర్దుకుంటారు. "హాల్‌లో ఒక స్పాట్ ఖాళీ" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ చూసి, పరుపు పట్టేంత చోటుకు ఒప్పుకుంటారు.

సీనియర్ మంచివాడే కావచ్చు. నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లి అన్నం పెట్టింది కూడా సీనియర్లే, వాళ్ల రుణం నేను మరచిపోను. కానీ లీజులో పేరు లేనివాడు ఆఫీసు లెక్కలో ఆ ఇంట్లో లేనట్టే. ఆ సీనియర్‌కు ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం వస్తే వీడి అడ్వాన్సుకు ఏ కాగితం సాక్ష్యం? పేరు లేని మనుషులు ఉంటున్నారని ఆఫీసుకు తెలిస్తే లీజు ఉల్లంఘన కింద నోటీసు ఇంటందరికీ వస్తుంది.

పేరు ఎక్కినా ఇంకో సంగతి తెలిసుండాలి. ఇంటికంతా కలిపి ఒకే లీజు అయితే, సంతకం పెట్టిన ప్రతి ఒక్కరూ సాధారణంగా మొత్తం కిరాయికి బాధ్యులే. 1,600 డాలర్ల డబుల్ బెడ్రూంలో నలుగురుంటే తలా 400 అనుకుంటాం. ఇద్దరు కట్టకుండా వెళ్లిపోతే మిగిలిన ఇద్దరి దగ్గర ఆఫీసు 1,600 అడుగుతుంది. మా ఇంట్లో ఒకతను సెమిస్టరు మధ్యలో వెళ్లిపోయినప్పుడు అతని వాటా మేమే పంచుకుని కట్టాం. నా దృష్టిలో అగ్గువ ఇల్లు వెతకడం కంటే మాట మీద నిలబడే రూమ్మేట్లను వెతకడం పెద్ద పని.

ఇక ఆ 350 వెనకాల దాగిన ఖర్చులు. ఆర్లింగ్టన్ దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న ఊరు, అయినా రూట్ల ప్రకారం తిరిగే సిటీ బస్సులు లేవు. 2017లో మొదలైన, పిలిస్తే వచ్చే వ్యాన్లే ఉన్నాయి. కారు లేనివాడికి క్యాంపస్‌కు దూరంగా దొరికిన అగ్గువ రూం రోజూ ఖర్చు పెట్టిస్తుంది. టెక్సాస్‌లో చాలాచోట్ల 2002 నుంచి కరెంటు కంపెనీని ఇంట్లో ఉండేవాళ్లే ఎంచుకోవాలి. రేట్లు పోల్చి చూడటానికి కరెంటు వ్యవహారాలు చూసే అక్కడి రాష్ట్ర కమిషన్ 'పవర్ టు చూజ్' అనే వెబ్‌సైటు నడుపుతోంది. జూలైలో ఏసీ ఆపలేం కాబట్టి ఆ ప్లాన్ చూడకుండా కిరాయి లెక్క తేలదు. "ఒక నెల ఫ్రీ" అన్న బోర్డునూ లెక్క కట్టి చూడాలి. 1,200 డాలర్ల ఇల్లు మొదటి ఏడాది సగటున 1,100 పడుతుంది, రెన్యువల్‌కు మాత్రం 1,200 నుంచే మొదలుపెడతారు.

గల్ఫ్‌లోనూ కథ ఇదే, పైగా అక్కడికి పోయేది బతుకుదెరువు కోసం. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్ పోయిన మనవాళ్లు ఎందరో దేరా, సత్వాల్లో బెడ్ స్పేస్ తీసుకుంటారు. అక్కడ కిరాయి ఒప్పందం 'ఎజారీ' అనే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పద్ధతిలో నమోదు కావాలి, ఇంట్లో ఉండేవాళ్ల పేర్లూ నమోదు చేయాలి. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ సత్వా, అల్ రిగ్గా, అల్ బర్షా లాంటి చోట్ల గదుల్లో అనుమతి లేకుండా కట్టిన పార్టిషన్ల మీద చర్యలు మొదలుపెట్టింది. అలాంటి గదుల్లో ఉంటున్న కూలిజనం రాత్రికి రాత్రి ఇంకో చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. తక్కువ జీతగాళ్లకు చట్టబద్ధమైన చౌక చోటు చూపించకుండా పార్టిషన్లు కూల్చడం సగం న్యాయమే అంటాను.

డిపాజిట్ దగ్గర చోటుకో పద్ధతి. న్యూయార్క్‌లో 2019 నుంచి సాధారణంగా ఒక నెల కిరాయి దాటకూడదు. జర్మనీలో మూడు నెలల మూల కిరాయి దాకా అడగొచ్చు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు ఉంది. టెక్సాస్‌లో అలాంటి పరిమితి లేదు. అందుకే డిపాజిట్ తిరిగి రావాలంటే ఇంట్లో దిగిన రోజే పని మొదలవ్వాలి. మేం సామాను దించకముందే ఫోన్ లైటు వేసి గదిగది తిరిగాం. కార్పెట్ మీద తలుపు పక్కన ఇస్త్రీపెట్టె ముద్ర, సింకు కింద ఉబ్బిన చెక్క, కిచెన్ గట్టు మీద మాకంటే ముందున్నవాళ్ల పసుపు మరక. అన్నీ ఫొటోలు తీసి, ఆఫీసు ఇచ్చిన ఫారంలో రాసి, గడువులోగా ఇచ్చి కాపీ పెట్టుకున్నాం. ఖాళీ చేశాక పసుపు మరకకు డబ్బు కోస్తామన్నారు. ఆ కాపీ చూపించాక మానుకున్నారు.

టెక్సాస్ చట్టం ప్రకారం ఇల్లు ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ వాపసు ఇవ్వాలి, కోసుకుంటే దేనికి కోశారో రాసి పంపాలి. అయితే మన కొత్త అడ్రసు రాసి ఇచ్చేదాకా ఓనరు ఆ డబ్బు పంపనక్కర్లేదు. కాబట్టి ఖాళీ చేసే రోజు తాళంచెవులతో పాటు అడ్రసు రాసిన కాగితం కూడా ఆఫీసులో ఇవ్వమని, దాన్నొక ఫొటో తీసి పెట్టుకోమని మీ పిల్లలకు చెప్పండి.