తుపాకీ కాదత్తా, మార్కరు!

సంక్రాంతి సెలవులకు బెంగుళూరు నుంచి తిరుపతి వచ్చిన మా మేనల్లుడు ఫోనులో ఫొటోలు చూపించాడు. ఒంటినిండా మిలిటరీ మచ్చల బట్టలు, మొహానికి ముసుగు, చేతిలో ఇంత పొడుగు తుపాకీ! నా గుండె గుభేలుమంది.

"ఇదేం తుపాకీరా నాయనా?" అన్నాను.

"తుపాకీ అనకూడదత్తా, మార్కరు అనాల. ఇది పెయింట్‌బాల్ ఆట. తగిలితే రంగు పడతాది, అంతే" అని నవ్వాడు.

వాడి మాట అబద్ధమేం కాదు. అమెరికాలో కొట్టేయాల్సిన చెట్లకీ, మందలో పశువులకీ దూరం నుంచి రంగు గుర్తు పెట్టడానికి చేసిన సాధనమది. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ అడవిలో 12 మంది దానితో ఆట ఆడారు. గుర్తు పెట్టేది కనుక మార్కరు. బాగానే ఉంది. కానీ పేరేమో బడిపిల్లాడి పెన్నుది, ఆకారమేమో సిపాయి చేతిలోది! చూసేవాళ్ళు పేరు వినేలోపే ఆకారం చూసి జడుసుకుంటారు. అదే ఆటని పోటీల్లో రంగురంగుల జెర్సీలు తొడుక్కుని ఆడితే ఎవరికీ అంత భయం పుట్టదు.

వాణ్ణి అనడమెందుకు? మన ఇంటి సంగతి చూడండి. చంద్రగిరి దగ్గర ఎ. రంగంపేటలాంటి ఊళ్ళలో సంక్రాంతి రోజుల్లో ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వీధిలో తోలతారు. కుర్రకారు ఎగబడి ఆ పలకలు లాక్కుంటారు. పత్రికలు "జల్లికట్టు" అని రాస్తే ఊరివాళ్ళకు కిట్టదు. "మాది పశువుల పండగ" అంటారు. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. తమిళనాట ఒక్కో ఎద్దునూ వదిలితే మూపురం పట్టుకుని వేలాడతారు. ఇక్కడ మందగా తోలతారు, చెయ్యి వేసేది పలక మీద. పైగా 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు కూడదంది. తమిళనాడు 2017లో చట్టం సవరించుకుంటే, 2023లో కోర్టు దాన్ని సరేనంది. ఇన్ని వ్యాజ్యాలు మోసిన పేరు నెత్తికెత్తుకోవాలని ఎవరికుంటుంది?

అయితే తమాషా ఏమిటంటే, జల్లికట్టు అన్న మాటకి కొమ్ములకు కట్టిన కాసుల మూట అనే అర్థం చెబుతారు. అక్కడ కాసులు, ఇక్కడ పలక. పేరు వద్దన్నా కట్టు మాత్రం కొమ్ముకే ఉంది! ఆ పలకమీద దేవుడి బొమ్మతోబాటు సినిమా హీరోలూ, నాయకులూ వెలుస్తున్నారు. ఇంతకీ ఈ పండగ ఎద్దుదా, అభిమాన సంఘానిదా?

కనుమనాడు పశువుల్ని కడిగి, కొమ్ములకు రంగు పూసి, పసుపూ కుంకుమా పెట్టి, పొంగలి తినిపించడం మనకు తెలిసిందే. పండగ అన్న పేరు దానికి అతికినట్టుంటుంది. బెదిరి పరుగెత్తే ఎద్దుకి అది పండగని ఎవరు చెప్పాలి? మిద్దెమీద నిలబడి, కింద గుంపులో కొడుకుని వెతుక్కునే తల్లికి ఏ పేరు పెడితే గుండెదడ తగ్గుతుంది?

"ఒరే, ఆటమధ్యలో ఉక్కపోసి ఆ ముసుగు తీసేస్తే?" అని అడిగాను.

"తియ్యనియ్యరత్తా! కంట్లో తగిలితే చూపు పోతాది. ఎవరైనా తీస్తే ఆటే ఆపేస్తారు."

మార్కరన్న పేరుమీద నాకు కాస్త నమ్మకం కుదిరింది అప్పుడే. బెదిరిన ఎద్దుని తోలకూడదనీ, పిల్లల్ని వీధిలోకి దిగనివ్వకూడదనీ అలాంటి కట్టుబాటొకటి ప్రతి ఊరూ గట్టిగా పాటిస్తే, "పశువుల పండగ" అన్నమాటని నేనూ నోరారా అంటాను.