తరుగు ముందే రాయాలి

పులివెందుల నుంచి ఒక విశ్రాంత హవల్దారు గారు ఈ వారం పొడవాటి ఉత్తరం రాశారు. తేజస్ మార్క్-1ఎ యుద్ధ విమానాల ఆలస్యం సంగతి చదివి ఆయనకు కడుపు మండింది. 83 విమానాలకు దాదాపు 48,000 కోట్ల రూపాయల ఒప్పందం 2021 ఫిబ్రవరిలో కుదిరింది. మొదటిది 2024 మార్చిలో వైమానిక దళానికి అందాలి. ఆ గడువు దాటిన ఏడాదికి, 2025 మార్చిలో, అమెరికా నుంచి రావాల్సిన ఇంజన్లలో మొదటిది వచ్చింది. ఇంజనే లేకపోతే విమానం ఎట్లా ఎగురుతుంది? ఉత్తరం చివర ఆయన మాట ఇది: ‘ఫైళ్లు, కమిటీలు, టెండర్లు పక్కన పెట్టి అధికారం, డబ్బు, భయం మూడూ ఒక్క మనిషి చేతిలో పెట్టండి సార్. రెండేళ్లలో పని అయిపోతుంది.’

సరిహద్దులో కాపలా కాసిన మనిషికి ఆ కోపం వచ్చే హక్కుంది. నెలల తరబడి కదలని ఫైళ్ల మీద నేనెంత గోల పెడుతుంటానో ఈ కాలమ్ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో మరమ్మతుకు 2006లో చేరిన సింధుకీర్తి జలాంతర్గామి 2015లో గానీ బయటపడలేదు. మూడేళ్లలో తేలాల్సిన పనికి తొమ్మిదేళ్లు పట్టింది. అన్నేళ్లూ నౌకాదళం ఒక జలాంతర్గామి లేకుండానే నెట్టుకొచ్చింది. ఇలాంటివి చూస్తే హవల్దారు గారి మందే సరైనదనిపిస్తుంది.

అయితే ఆయన కోరిన ఏర్పాటు మన జమ్మలమడుగు పక్కనే, గండికోటలో, ఒకసారి అచ్చంగా అమలైంది. 1652లో గోల్కొండ సుల్తాను తరఫున మీర్ జుమ్లా కోటను పట్టుకున్న కొత్తలోనే టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు అక్కడికి వచ్చాడు. చూసిందీ విన్నదీ తన యాత్రా గ్రంథంలో రాసిపెట్టాడు. మీర్ జుమ్లాకు ఇరవై ఫిరంగులు కావాల్సి వచ్చాయి. పది 48 పౌన్ల గుండు విసిరేవి, పది 24 పౌన్లవి. పోతపోసి ఇస్తానని ఒప్పుకున్నవాడు ఫ్రాన్సులోని బూర్జ్ ఊరి మనిషి, క్లోద్ మయే. రాగి కోసం చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలను తరలించారు. మిగతావన్నీ కరిగాయి గానీ గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత ఖర్చు పెట్టినా కరగలేదట. పూజారులే ఏదో మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్లను బెదిరించాడు. చివరికి ఒక్క ఫిరంగీ దక్కలేదు. ఒకటి పగిలింది, ఒకటి సగంలో ఆగింది. మయే పని వదిలేశాడు, కొన్నాళ్లకు కొలువూ వదిలేశాడు. గుళ్లలో దేవుళ్లూ పోయారు, కోటకు ఫిరంగులూ రాలేదు.

పోత పని తెలిసినవాళ్లకు ఈ కథ చెబితే ఎక్కడ దెబ్బ తగిలిందో ఇట్టే పట్టుకుంటారు. 48 పౌన్ల ఫిరంగి టన్నుల బరువుంటుంది. చిన్న కొలిమిలో అంత లోహం ఒక్కసారిగా కరగదు. కొన్ని కొలుముల్లో ఒకే వేడికి తెచ్చి, ధార తెగకుండా అచ్చులోకి వదలాలి. ధార తెగిన చోట అతుకు పడుతుంది, మందు పేలినప్పుడు అక్కడే పగులుతుంది. అచ్చు మట్టిలో తడి మిగిలితే ఆవిరి లేచి లోహంలో బుడగలు కడుతుంది. రాగిలో తగరం పాలు తగ్గితే ఫిరంగి మెత్తబడుతుంది, ఎక్కువైతే పెళుసెక్కుతుంది. ఒక్కో గుడి విగ్రహంలో లోహాల పాళ్లు ఒక్కో రకంగా ఉంటాయి. అన్నీ తెచ్చి కలిపితే ఏ పాలు ఎంతో తేల్చేదెట్లా? పైగా మొదటి ఆర్డరే ఇరవై, అందులో సగం భారీవి. ముందు చిన్నదొకటి పోసి, కాల్చి చూసి, తర్వాత పెద్దవాటికి దిగుదామన్న క్రమం టావెర్నియే రాతలో కనబడదు.

మీర్ జుమ్లాకు అధికారం ఉంది, వజ్రాల వ్యాపారంలో గడించిన డబ్బు ఉంది, ఎదుటివాళ్లలో భయమూ ఉంది. అడ్డుపడే కమిటీ ఒక్కటీ లేదు. కానీ పని ఎంత కష్టమో ముందే కొలిచి చెప్పేవాడూ, చెబితే వినే యజమానీ కరువయ్యారు. భయం ఉన్నచోట ఆ ఇద్దరూ దొరకడం మరీ కష్టం.

మన కాలపు ఒప్పందాల్లోనూ ఇదే లోపం కనిపిస్తుంది. విక్రమాదిత్య విమానవాహక నౌకకు 2004లో రష్యాతో ఒప్పుకున్న ధర 97.4 కోట్ల డాలర్లు, గడువు 2008. పాత ఓడను లోపల విప్పి చూశాక గానీ ఎన్ని కేబుళ్లు మార్చాలో తెలిసిరాలేదు. 2010 నాటికి ధర 235 కోట్ల డాలర్లకు చేరింది, ఓడ 2013 నవంబరులో చేతికొచ్చింది. అమెరికా వాళ్లు ఎఫ్-35ను పరీక్షలు ముగియకముందే తయారీకి దించి, తయారైన విమానాలకు మళ్లీ మార్పులు చేసుకున్నారు.

పని కష్టాన్ని ముందే కొలవడం ఎందుకో మన క్షిపణుల కథ చెబుతుంది. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో కలాం నాయకత్వాన 1983 జులైలో 388 కోట్లతో ఐదు క్షిపణుల పథకం మొదలైంది. వాటిలో పృథ్వి 1988లోనే ఎగిరింది. 1970ల నాటి డెవిల్ ప్రాజెక్టులో నేర్చుకున్న ద్రవ ఇంధన విద్య దానికి అక్కరకొచ్చింది. ఆకాశ్‌కు రామ్‌జెట్ ఇంజనూ కొత్తే, రాజేంద్ర రాడారూ కొత్తే. అది సైన్యంలో చేరేసరికి 2015 వచ్చింది. త్రిశూల్ సైన్యంలో చేరకుండానే ఆగిపోయింది. ఐదింటికీ ఒకే పథకం, ఒకే ఆశ. తెలిసిన విద్య త్వరగా తెమిలింది, తెలియనిది తన కాలం తాను తీసుకుంది. అంతకాలం తిట్లు తిన్న ఆ ఆకాశే 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ వేళ, మన ఆకాశానికి కాపలా కాసింది. మధ్యలో విసిగి మూసేసి ఉంటే ఏమయ్యేది?

అందుకే ఆలస్యం జరిగిన ప్రతిచోటా దొంగను వెతకడం నాకు సబబు అనిపించదు. అసలు తప్పు చాలాసార్లు మొదటి రోజు కాగితం మీదే జరిగిపోతుంది. పెద్ద అంకె చూపిస్తే మంజూరు కాదని చిన్న అంకె రాస్తారు. టెండరులో తక్కువకు పాడినవాడికే పని దక్కుతుంది కాబట్టి కంపెనీ కూడా తక్కువకే పాడుతుంది. సైన్యం ఉన్న కోరికలన్నీ ఒక్క ఆయుధంలోనే కావాలంటుంది, పని సగంలో ఉండగా కొత్తవి చేరుస్తుంది. పదేళ్లకు ఖర్చు పెరిగిందంటారు. నిజానికి అది పెరిగిన ఖర్చు కాదు, మొదట దాచిన ఖర్చు.

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో నగ చేయించినవాళ్లకు తెలుసు. తరుగెంత, మజూరీ ఎంత అన్నది ముందే తేల్చుకుంటారు, అటుపైనే పని మొదలవుతుంది. పది గ్రాముల హారానికి పాటించే ఆ మర్యాదను వేల కోట్ల ఒప్పందానికీ పాటించాలి. ఏ భాగం మన చేతికి తెలిసిన విద్య, ఏ భాగం తెలియనిది, తెలియనిదానికి అదనంగా ఎంత కాలం, ఎంత సొమ్ము అన్నది అంచనాలోనే విడిగా రాయాలి. నిజం రాసిన ఇంజనీరుకు రక్షణ ఉండాలి. తక్కువ రాసి మంజూరు చేయించుకున్నవాళ్లను పదవి దిగిపోయినా పిలిచి అడగాలి.

పాఠకులకు ఒక విన్నపం. ఇది ఢిల్లీ వాళ్ల గొడవ అని వదిలేయకండి. మన జమ్మలమడుగు ఉక్కు కర్మాగారానికి 2007, 2018, 2019, 2023 సంవత్సరాల్లో శంకుస్థాపన రాళ్లు పడ్డాయి. శిలాఫలకాల మీద నేను మళ్లీ మళ్లీ రాసేది ఇందుకే. ఆయుధమైనా, ఉక్కు కర్మాగారమైనా, ఎవరైనా వేదికెక్కి ఒక తేదీ, ఒక ఖర్చు ప్రకటిస్తే చప్పట్లు కొట్టే ముందు ఒక్కటి అడగండి: ఆ తేదీ ఎట్లా వచ్చింది? ఆ లెక్క ఎవరు కట్టారు? జవాబు లేని తేదీని నమ్మవద్దు.