నా ఓటు వినోద్‌కి

జబర్దస్త్ మొత్తంలో గొప్ప పెర్ఫార్మర్ ఎవరు అని ఎక్కడ అడిగినా, మొదటి ఐదు నిమిషాల్లోనే రెండు పార్టీలు తేలిపోతాయి. ఒకటి హైపర్ ఆది పార్టీ, రెండోది గెటప్ శ్రీను పార్టీ. మధ్యలో ఎవరో ఒకరు "అసలు సుధీర్ లేకపోతే ఎక్స్‌ట్రా జబర్దస్త్ ఎవరు చూసేవాళ్ళు?" అని లేస్తారు. పక్కన అమ్మో పెద్దమ్మో ఉంటే చమ్మక్ చంద్ర పేరొస్తుంది. రాకెట్ రాఘవ మొదటి రోజుల నుంచీ ఉన్నవాడే, అయినా అతని పేరు ఎవరూ ఎత్తరు. ఇంట్లో ఎప్పుడూ ఉండే మనిషిని ఎవరు లెక్కపెడతారు!

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన షో ఇది. గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చేది. మరుసటి ఏడాదే శుక్రవారానికి ఎక్స్‌ట్రా పుట్టింది. సాహిత్యం చదివేవాళ్ళం దీన్ని చూస్తామని పైకి చెప్పుకోం, కానీ యూట్యూబ్ హిస్టరీ అబద్ధం చెప్పదు. నా హిస్టరీ సాక్షిగా ఈ వాదనలో నేనూ రెండుసార్లు పార్టీ మార్చాను. ఇది మూడోసారి.

మొదట ఆది మనిషిని. అతని పంచ్‌ల వేగం ముందు అప్పటిదాకా వచ్చిన స్కిట్లన్నీ నత్తనడకలా అనిపించాయి. ఒక మాట విని నవ్వి తేరుకునేలోపు ఇంకో రెండు పడిపోయేవి. అయితే చాలాసార్లు చూశాక ఒకటి అర్థమైంది. ఆది స్కిట్‌లో పాత్ర ఉండదు, ఆదే ఉంటాడు. పెళ్ళికొడుకైనా, ఊరి ప్రెసిడెంటైనా, దొంగైనా ఒకే నిలబడటం, ఒకే గొంతు, జడ్జీల వైపు తిరిగి ఒకే చూపు. ఎదురుగా రైజింగ్ రాజు నిలబడి తనమీద వేసినవన్నీ మోస్తాడు. కళ్ళు మూసుకుని విన్నా ఆది స్కిట్ తొంభై శాతం అందుతుంది. రచయితకి అది పెద్ద మెచ్చుకోలు. పెర్ఫార్మర్‌కి కాదు.

అక్కడినుంచి శ్రీను పార్టీకి దూకాను. జబర్దస్త్ కమల్‌హాసన్ అన్న బిరుదు ఊరికే రాలేదు. బిల్డప్ బాబాయ్ పాత్రలో ఆ నడక చూడండి. మాట రాకముందే ఆ మనిషి ఎంత కోస్తాడో, లోపల ఎంత ఖాళీయో భుజాల్లో తెలిసిపోతుంది. సౌండ్ ఆపి చూసినా నవ్వొస్తుంది. పైగా అతన్ని చూస్తే ఒక జాలి. షోలో మార్కులు పడేది టీమ్‌కి, బోర్డు మీద ఉండేది లీడర్ పేరు. శ్రీను చాలా ఏళ్ళు సుడిగాలి సుధీర్ టీమ్‌లో సభ్యుడే. సుధీర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆటో రాంప్రసాద్ వేసే పంచ్‌లన్నీ తనమీద పడనిచ్చి, అందరిలో పరువు పోగొట్టుకుంటూ హీరోలా కనిపించడం తక్కువ విద్య కాదు. అమెరికాలో సాటర్డే నైట్ లైవ్ మీద 1975 నుంచీ ఇలాంటి గొడవే నడుస్తోంది. ఎడ్డీ మర్ఫీ, విల్ ఫెరల్ పేర్ల మధ్య ఫిల్ హార్ట్‌మన్ పేరు తప్పకుండా వస్తుంది. స్కిట్‌ని విడిపోకుండా పట్టి ఉంచుతాడని అతనికి 'గ్లూ' అని పేరు. సుధీర్ చేసింది కొంత ఆ జిగురు పనే.

సరే, శ్రీను దగ్గర వాదన ముగిసిపోవాలి కదా. నాకూ ముగిసిందనే అనిపించింది. ఆ మధ్య వరసపెట్టి పాత చమ్మక్ చంద్ర స్కిట్లు చూస్తూ కూర్చున్నాను. చంద్ర స్కిట్ల సరుకు మీకు తెలుసు. మొగుడు, పెళ్ళాం, ఒక అనుమానం, ఒక అబద్ధం, దాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం. చంద్ర దొరికిపోయేటప్పుడు తడబడే తీరు నిజంగా అద్భుతం. కానీ అతను ఎందుకు భయపడుతున్నాడు? ఎదురుగా ఉన్న పెళ్ళాం నిజంగా ఇల్లాలిలా ఉంది కాబట్టి. ఆ పెళ్ళాం వినోద్.

లేడీ గెటప్ అనగానే మన కళ్ళముందు ఒక రకం ఆట కదులుతుంది. గొంతు కీచుగా పెట్టడం, నడుం అతిగా తిప్పడం, విగ్గు జారడం, దానికి నవ్వడం. వినోద్ అది చేయడు. కొంగు సర్దుకోవడం చూసేవాళ్ళకోసం చేసినట్టు ఉండదు, పనిలో పనిగా చేసినట్టు ఉంటుంది. మొగుడు అబద్ధం చెబుతుంటే వెంటనే అరవకుండా ఒక్క క్షణం నమ్మినట్టు ఊరుకుంటాడు. ఆ క్షణంలోనే స్కిట్ అంతా ఉంది. చంద్ర తర్వాతి మాట పేలేది ఆ మౌనం వల్ల. ఆడదాన్ని వెక్కిరించే డైలాగుల మధ్య నిలబడి, ఆ ఆడమనిషిని వెక్కిరించకుండా ఆడటం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక్కడే నాకు ఇబ్బంది మొదలైంది. శ్రీను వేషం వేస్తే 'నటన' అన్నాం, బిరుదిచ్చాం. వినోద్, శాంతిస్వరూప్ లాంటివాళ్ళు వేస్తే 'లేడీ గెటప్' అన్నాం, దాన్నే జోకు చేశాం. శ్రీను విగ్గు తీస్తే శ్రీను. వీళ్ళు చీర కట్టుకుని స్టేజీ ఎక్కితే పాత్ర మీద కాదు, మనిషి మీదే పంచ్. ఆది స్కిట్లలో శాంతిస్వరూప్ మీద పడినవి లెక్కేయండి. ఆడా మగా అన్న ఒక్క ప్రశ్నని ఎన్ని రకాలుగా తిప్పి వేశారో! వాటికి నేను నవ్వాను. ఒకసారి కాదు.

మనకి ఇది తెలియని విద్య కూడా కాదు. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా ఊళ్ళకి ఊళ్ళని కట్టిపడేసిన స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషాన్ని ఇప్పటికీ చెప్పుకుంటాం. అదే పని టీవీలో, మూడు రోజుల్లో రాసుకున్న మొగుడూపెళ్ళాల స్కిట్‌లో చేస్తే కళ అనడానికి నోరు రాదు. స్కిట్టు నాసిరకం కావచ్చు. చాలావరకు నాసిరకమే, అందులో పెళ్ళాం పాత్రని గయ్యాళిగానో అనుమానపు పక్షిగానో తప్ప రాయరు. సత్యశ్రీ లాంటి ఆడవాళ్ళే ఆ పాత్రల్లోకి వచ్చాక కొంచెం ఊపిరి ఆడింది కానీ రాత పెద్దగా మారలేదు. అంత తక్కువ రాతలోంచి ఒక మనిషిని నిలబెట్టినవాడికి మార్కులు ఎక్కువ పడాలా, తక్కువ పడాలా?

నీ తప్పు కడుక్కోవడానికి ఓటేస్తున్నావు అని ఒక ఫ్రెండ్ అన్నాడు. శ్రీను పార్టీలో సీనియర్ అతను. కొంత నిజమే అయి ఉండొచ్చు. ఇంకో మంచి అభ్యంతరం కూడా తెచ్చాడు. శ్రీను వంద రకాల మనుషుల్ని చేశాడు, వినోద్ చేసింది ఒక్క పెళ్ళామే కదా అన్నాడు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. రేంజ్ లెక్కన శ్రీనుదే పైచేయి, ఒప్పుకుంటాను. కాకపోతే వంద పాత్రలు ఇచ్చిన రచయితలు శ్రీనుకి ఉన్నారు. వినోద్‌కి ఇంకోటి రాసి చూసిందెవరు?

వాదించడం మానేసి ఫోన్‌లో ఒక పాత స్కిట్ పెట్టాను. చంద్ర దొరికిపోయిన చోట వాడు పడీ పడీ నవ్వాడు. ఆపి, అర నిమిషం వెనక్కి జరిపి, ఈసారి చంద్రని వదిలేసి పెళ్ళాం మొహం మాత్రమే చూడు అన్నాను.

చూశాడు. "ఇంకోసారి పెట్టు" అన్నాడు.