కేర్దూ పాదిరి అద్దకపు లేఖ: సేవాధర్మ విచారము

తెలుగునాటి క్రైస్తవ సేవను గూర్చి వ్రాసినవారు సాధారణముగా కట్టిన దేవాలయములను, జ్ఞానస్నానము పొందినవారి సంఖ్యను లెక్కింతురు. భాషాచరిత్రకారులు వీనికి నిఘంటువులను, అనువాదములను చేర్తురు. ఈ లెక్కలలో దేనికిని చేరని చిన్న రచన యొకటి కలదు. యేసు సభకు చెందిన గాస్తొన్ లొరాన్ కేర్దూ అను ఫ్రెంచి పాదిరి 1742 జనవరి 18వ తేదీన స్వదేశమునందలి దు హాల్ద్ పాదిరికి వ్రాసిన లేఖయే అది. అందలి విషయము మతబోధ కాదు. నూలుబట్టలపై రంగులద్దెడి విధానము. దైవసేవకును నిత్యవృత్తికిని గల సంబంధమును తెలిసికొనుటకు ఈ లేఖ గొప్ప ఆధారమని మా యభిప్రాయము. అయినను అందొక లోపమును కలదు. ఆ రెంటిని ఇచట విచారింతము.

కేర్దూ 1691లో జన్మించి, 1732లో భారతదేశమునకు వచ్చెను. అప్పటికే యేసు సభవారి కర్ణాటక మిషను మన సీమలో నెలకొనియుండెను. అనంతపురము ప్రాంతమునందలి కృష్ణాపురము, హిందూపురమునకు ఆగ్నేయముననున్న చిక్కబళ్ళాపురము దాని ముఖ్యస్థానములలోనివి. ఆ పాదిరులు సన్యాసి వేషము ధరించి, మాంసమును విడిచి, తెలుగు నేర్చి జీవించిరి. వారిలో కాల్మెత్ వేదముల ప్రతులను సేకరించి పారిసునందలి రాజగ్రంథాలయమునకు పంపెను. కేర్దూ తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదములతో నిఘంటువును కూర్చెను. విద్వాంసుడు విద్వాంసుని యొద్దకు పోయి వేదమును తెచ్చుట వింత కాదు. విద్వాంసుడు అద్దకపువాని యొద్ద శిష్యుడగుట మాత్రము అరుదు.

ఈ లేఖయందు పని వరుస తప్పక నడచును. బట్టను మొదట కరక్కాయ పొడి కలిపిన బఱ్ఱెపాలలో ముంచి ఆరవేయుదురు. కరక్కాయలోని వగరు ఇనుపనీటితో కలిసినపుడు నలుపగును. పాలలోని క్రొవ్వు ఆ రంగును పోగునుండి పోగునకు ప్రాకనీయదు. గీత మీద సూదితో రంధ్రములు పొడిచిన కాగితముపై బొగ్గుపొడి చల్లి చిత్తరువును బట్టపైకి దింపుదురు. నీలిరంగు అక్కఱలేని చోట్లనెల్ల మైనము పూసి, బట్టను నీలితొట్టిలో ముంచుదురు. ఎఱుపునకు పటిక పూసి, పిమ్మట చిరివేరుతో కాచుదురు. ఇందు ఒక్క మెట్టు ముందు వెనుకలైనను బట్ట చెడును.

ఇట్టి విషయమును వ్రాయుటకు కావలసినది పాండిత్యము కాదు, ఓర్పు. కేర్దూ అవలంబించిన పద్ధతి మిక్కిలి మెచ్చదగినది. క్రొత్తగా క్రైస్తవులైన పనివారిని ఆయన ఒక్కసారి అడిగి ఊరకుండలేదు. పలుమారులు, ఒకరిని విడిచి యొకరిని, వేర్వేరుగా ప్రశ్నించి, వారి సమాధానములను పోల్చి చూచెను. మతకార్యములనుండి దొరకిన విరామమున ఈ పని చేసినను, విరామపు పనియని అలక్ష్యము చేయలేదు. అతిశయోక్తి లేదు, ఉపమానములు లేవు, పనివారి యజ్ఞానమును గూర్చిన ఎత్తిపొడుపు లేదు. గొప్ప పనియందు చూపవలసిన శ్రద్ధను చిన్న పనియందును చూపుటయే నమ్మకమైన సేవకుని లక్షణమైనచో, ఆ లక్షణము ఈ రచనలో పంక్తిపంక్తికిని కనబడుచున్నది.

ఇక లోపము. ఇంత సూక్ష్మముగా వ్రాసిన లేఖలో బఱ్ఱెపాలకు చోటు దొరకినది, మేకపెంటకు చోటు దొరకినది. విద్య చెప్పిన పనివాని పేరునకు మాత్రము చోటు దొరకలేదు. ఆ కాలపు లేఖలన్నియు ఇట్టివేయని కొందఱు సమాధానము చెప్పవచ్చును. అది మాకు సమ్మతము కాదు. మన సాహిత్యమున అంతకు నాలుగైదు వందల యేండ్ల పూర్వమే పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును రచించెను. అందు మడివాలు మాచయ్య చాకలి; కుమ్మర గుండయ్య కుండలు చేయువాడు. వారి భక్తి వారి వృత్తిలోనే వెలసినది. వృత్తితో పాటు వారి పేరులును నిలిచినవి. కావున పనివానిని పేరుతో తలచుట ఈ దేశమునకు క్రొత్త కాదు. కేర్దూ ఎరిగిన భాషలోనే అట్టి కావ్యము కలదు.

లోపము పేరుతోనే తీరలేదు. ఫ్రాన్సునందు అద్దకపు నూలుబట్టల తయారీకి, దిగుమతికి 1686 మొదలు 1759 వఱకు నిషేధముండెను. నిషేధము తొలగిన మరుసటి యేడు, 1760లో, ఒబెర్కాంఫ్ జూయీలో తన ప్రసిద్ధమైన అద్దకపు కర్మాగారమును నెలకొల్పెను. దానికి ఈ లేఖయే కారణమని మేము చెప్పుట లేదు. కాని తమ గురువని నమ్మి పనివారు చెప్పిన మర్మము, వారితో పోటీ పడగలవారి చేతికి చేరినది. తెలుగున 'నమ్మకము' అను మాటకు రెండు ముఖములు కలవు: నమ్మువాని విశ్వాసము ఒకటి, నమ్మదగినవాని నడత రెండవది. దేవుని యెడల, తన సభ యెడల కేర్దూ నమ్మదగినవాడే. రంగుతొట్టి ముంగిట తనకు విద్య చెప్పినవారి యెడల ఆయన అట్టివాడేనా? దీనికి అవునని చెప్పుటకు లేఖయందు ఆధారము కనబడదు.

విధి కేర్దూ పేరును సైతము మన్నింపలేదు. సంస్కృత, లాటిను, గ్రీకు భాషల చుట్టరికమును ఆయన 1767లోనే పారిసు విద్వత్సభకు తెలిపెను. అది 1808 వఱకు అచ్చు కాలేదు. కీర్తి 1786లో ఉపన్యసించిన విలియం జోన్సునకు దక్కెను. భారతీయుల ఆచారములను గూర్చి ఆయన వ్రాసినది అబ్బే దుబువా గ్రంథమున పేరు లేక కలిసిపోయినదని సిల్వియా మ్యూర్ 1987లో నిరూపించెను. యేసు సభయే 1773లో రద్దయ్యెను. సభ లేని పాదిరిగా ఆయన 1779లో పుదుచ్చేరిలో మరణించెను.

తన పేరును తాను మఱచుట సేవకునకు భూషణము. తోడివాని పేరును మఱచుట భూషణము కాదు, బాకీ. నేడును ధర్మవరము పట్టుచీర అంగడి పేరుతో తెలియును గాని నేసినవాని పేరుతో తెలియదు. కేర్దూ లేఖను చదువువారు దాని శ్రద్ధను స్వీకరించి, దాని బాకీని తీర్పవలెను. వృత్తిపదములను సేకరించు మన పరిశోధకులు పదము ప్రక్కన అది చెప్పినవాని పేరును, అతని యనుమతితో, వ్రాసికొనుట అందుకు తొలిమెట్టు.