కథ చెప్పేవాడి మీద ఓ కన్ను

నవల మీద విశ్లేషణ రాయమంటే మన పిల్లలు ముందు కథంతా చెప్పేస్తారు. తర్వాత పాత్రల గుణగణాలు, ఆఖర్న రచయిత గొప్పతనం. తప్పు వెతికితే దొరకదు, ఆలోచన వెతికినా దొరకదు. ఈ మధ్య జంషెడ్‌పూర్‌లోని మా బిష్టుపూర్‌లో పక్కింటి కాలేజీ అమ్మాయి ‘వనవాసి’ మీద రాసిన వ్యాసం పట్టుకొచ్చింది. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘ఆరణ్యక్’కి సూరంపూడి సీతారాం చేసిన తెలుగు అనువాదం అది. ప్రకృతి ప్రేమకు ఈ నవల నిలువుటద్దమని మొదటి వాక్యం.

“ఇందులో అడవిని ప్రేమించిందెవరమ్మా?” అన్నాను.

“సత్యచరణ్, మావయ్యా.”

“ఆయన ఉద్యోగం?”

“ఎస్టేట్ మేనేజరు. అడవి కొట్టించి, ఆ భూముల్ని రైతులకి...” అని ఆగిపోయింది.

ఆగిన చోటే వ్యాసం మొదలవుతుంది. అడవిని ప్రాణంగా చూసుకున్నవాడే దాన్ని పొలాలు చేశాడు. ఆ సంగతి మనకి చెబుతున్నదీ అతనే, ఏళ్లు గడిచాక కలకత్తాలో కూర్చుని. అప్పుడు ఆ వెన్నెల వర్ణనలన్నీ వర్ణనలేనా, సంజాయిషీలా? ‘వర్ణన ఎంత అందంగా ఉంటే చెప్పేవాడి అపరాధం అంత బరువెక్కుతుంది’ అని రాస్తే ఎవరైనా కాదనొచ్చు. కాదనడానికి వీలున్న మాటే వాదన. ప్రకృతి ప్రేమను ఎవరు కాదంటారు?

వాదనకి సాక్ష్యం పుస్తకంలోంచే రావాలి. యుగళప్రసాద్ అనే పిచ్చి మారాజు ఎక్కడెక్కడి పూల మొక్కలో తెచ్చి అడవిలో నాటుతుంటాడు. మేనేజరు సత్యచరణ్ అతనికి తోడవుతాడు. పూలు నాటే చెయ్యీ, భూమి పంపకాల మీద సంతకం పెట్టే చెయ్యీ ఒకటే. మరోచోట, పశువులు కాచుకునే ముసలి గిరిజన రాజు వంశంలోని భానుమతికి భారతదేశం ఎటువైపుందో తెలియదు. చాలామంది ఇక్కడ ‘అమాయకత్వం’ అని రాసి దాటేస్తారు. ఆమెని ఆ సంగతి అడిగిందెవరు? ఏ చదువు, ఏ కొలువు అండ చూసుకుని అడిగాడు? ఈ రెండు చోట్లా నిదానిస్తే రెండు పేజీలు వాటంతటవే వస్తాయి.

రచయిత భాగల్‌పూర్ ప్రాంతపు ఎస్టేటులో పనిచేసిన మాట నిజమే. ఆయన 1950లో కన్నుమూసిన ఘాట్‌శిల మనకి దగ్గరే. కానీ రచయిత వేరు, సత్యచరణ్ వేరు. జీవితచరిత్ర వ్యాసానికి ఉప్పులాంటిది, కూర కాదు.

ఆ పక్కింటి అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి మన జంషెడ్‌పూర్‌నీ లాక్కొచ్చింది. 1904లో భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్.బోస్ మయూర్‌భంజ్ ఇనుప ఖనిజం గురించి జంషెడ్జీ టాటాకి ఉత్తరం రాయడం, 1907లో ఉక్కు కంపెనీ పుట్టడం, సాక్చీ దగ్గర అడవి కొట్టి కట్టిన కార్ఖానాలో 1912లో ఉక్కు తయారవడం, అన్నీ రాసింది. ‘మనమూ సత్యచరణ్‌లమే’ అని ముగించబోయింది. అలా వదిలేస్తే ఉపన్యాసం. అదే పోలికతో మళ్లీ పుస్తకంలోకి వెళ్తే పనికొస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మన తాతలు ఇక్కడికొచ్చింది అడవి మీద కక్షతో కాదు, కొలువు కోసం. సత్యచరణ్ కూడా డిగ్రీ చేతబట్టుకుని ఖాళీగా తిరిగిన నిరుద్యోగే. ఆ అడవిలో అన్నం మెతుకు దొరకడమే పండగైన జనం ఉన్నారు. వాళ్లకి సెంటు భూమి దక్కడం నేరమా?

ఈ ప్రశ్నే ఆ అపరాధం వాదనకి అసలైన ఎదురుదెబ్బ. దీన్ని దాచిపెట్టి రాస్తే వ్యాసం నున్నగా ఉంటుంది గానీ నిలవదు. ఎదుటివాడి బలమైన మాటని మనమే వాడికంటే బాగా చెప్పి, దానికి పుస్తకంలోంచి జవాబు వెతకాలి. జవాబు దొరక్కపోతే మొదటి వాక్యం మార్చుకోవాలి. అలా మార్చుకోవడానికి సిద్ధపడి కూర్చున్నవాళ్లే విశ్లేషణ రాస్తారు. మిగతావాళ్లు రాసేది పుస్తకానికి సన్మానపత్రం.