మేళానికి బస

జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధస్తూపానికి తూర్పు వాకిట్లో ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించింది ఒక శిల్పి. పేరు సిద్ధార్థుడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో, వేయించిన శాసనంలో ఆ సంగతి ఉంది. తండ్రి నాగచంద్రుడూ శిల్పే. ఆయనది కమ్మకరాష్ట్రంలోని నడతూరు. కొడుకు ఉంటున్నది మహాకందురూరు. పని చేసింది ఇక్కడ, మన జగ్గయ్యపేట మెట్టలో. జేమ్స్ బర్జెస్ 1887లో అచ్చు వేయించిన పుస్తకంలో ఈ శాసనం చదివిన ప్రతిసారీ నాకు ఒకటే ఆలోచన వస్తుంది. ఊరు కాని ఊళ్లో రాయి చెక్కుతున్నన్నాళ్లూ ఆ మనిషికి అన్నం పెట్టిందెవరు? ఏ చూరు కింద పడుకున్నాడు? శాసనంలో ఆ ముక్క లేదు. కానీ ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. పెట్టకపోతే స్తంభం లేచేది కాదు.

నాట్యకారులకు చేసే ఇలాంటి ఏర్పాటునే ఇవాళ రెసిడెన్సీ అంటున్నారు. కొన్ని వారాలో నెలలో ఉండటానికి గది, ఆడుకోవడానికి నేల, రెండు పూటలా భోజనం, చేతి ఖర్చుకు కొంత డబ్బు ఇస్తారు. బదులుగా పూర్తయిన ప్రదర్శన ఇచ్చి తీరాలన్న షరతు ఉండదు. ఉంటే మధ్యలో ఒకటి రెండుసార్లు, పని సగంలో ఉండగానే పదిమందికి చూపించి, వాళ్ల మాట వినాలి. ఇది ఏదో దొరల దేశం నుంచి దిగిన కొత్త పద్ధతి అనుకునేవాళ్లు మనలో చాలామంది. ఉమ్మడి కృష్ణా జిల్లావాళ్లం మాత్రం అలా అనుకోకూడదు. కూచిపూడి ఆట బతికిందే బస మీద.

మాచుపల్లి కైఫీయతు చెప్పే ప్రకారం 1502 నాటికే కూచిపూడి భాగవతులు విజయనగరం దాకా వెళ్లి వీరనరసింహరాయల ఎదుట ఆడారు. ఆ తర్వాత శతాబ్దాల పాటు మేళాలు ఊళ్లు పట్టుకు తిరిగాయి. సూత్రధారుడు, స్త్రీ వేషం కట్టే మగవాళ్లు, మద్దెల, శ్రుతి, అందరూ ఒక జట్టు. పెద్దలు బస చూపిస్తే గుడి ముందు పందిరి పడేది. కాగడాల మీద గుగ్గిలం చల్లితే భగ్గుమన్న వెలుతురులో పాత్ర ప్రవేశించేది. ఆట తెల్లవారేదాకా సాగేది. ఒక రాత్రితో తెమిలేది కాదు.

భామాకలాపంలో సత్యభామ వచ్చే తీరు చూడండి. ఇద్దరు తెర పట్టుకుంటారు. ముందు మనిషి కనిపించదు. తెర మీదుగా జడ ఒక్కటే వచ్చి పడుతుంది. నాగరం, చంద్రవంక పొదిగిన నిలువెత్తు జడ. ఆటలో, పాటలో, మాటలో నన్ను గెలిచేవాడుంటే ఈ జడ కోసుకోవచ్చని సభకు సవాలు. గెలుపు ఓటమి తేలాలంటే సభలో శాస్త్రం తెలిసినవాళ్లు కూర్చుని ఉండాలి. నిన్న రాత్రి చూసినవాళ్లే ఇవాళా వచ్చి కూర్చోవాలి. మాధవి వేషంలో ఉన్న సూత్రధారుడు సత్యభామను ఆటపట్టిస్తూ అప్పటికప్పుడు మాటలు అల్లుతాడు. ఊరి మనుషుల్నీ, ఊరి ముచ్చట్లనూ పగలంతా చూసి ఉంటేనే ఆ మాట పండుతుంది. ఊళ్లో మకాం వేయని నటుడికి అది చేతకాదు. వాచికం కూచిపూడికి ప్రాణం అంటాం. ఆ వాచికం తయారైంది బసలోనే అని నా నమ్మకం.

శిక్షణ కూడా అంతే. పిల్లవాడు గురువు ఇంట్లోనే ఉండి, ఆ ఇంటి పనిలో చెయ్యేస్తూ, తెల్లవారుజామున అరమండిలో కూర్చుని అడుగులు వేసేవాడు. మూడు కాలాల్లోనూ కాలు తాళానికి అతకాలి. తరంగం దగ్గరికి వచ్చేసరికి ఈ సాధన విలువ తెలుస్తుంది. ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు నిలబెట్టి, కాలివేళ్లతో అంచును బిగించి పట్టాలి. బరువు మడమ మీదికి వెళ్తే పళ్లెం ముందువైపు తేలుతుంది, వేళ్ల మీదికి వస్తే కరుచుకుంటుంది. ఆ బరువును ఇటూ అటూ మారుస్తూ పళ్లేన్ని నేల మీద జరపాలి. పైన చేతులు కృష్ణలీలలు అభినయిస్తుండాలి. కొందరు నెత్తిన నీళ్ల చెంబు కూడా పెట్టుకుంటారు. నోటితో చెప్పి నేర్పే విద్య కాదిది. గురువు కళ్లెదుట రోజూ పడి, లేచి, పాదం తనంతట తాను తెలుసుకోవాలి. వారానికి రెండు గంటల క్లాసులో పాదానికి ఆ వ్యవధి ఎక్కడిది?

వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. కూచిపూడి నుంచి ఆయన పట్నానికి మోసుకెళ్లిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఈ కలిసి బతికే పద్ధతి. శిష్యులు అక్కడే ఉండి నేర్చుకునేవారు. భుజంగరాయశర్మ నృత్యనాటకాలు రాసేవారు. ఘంటసాల దగ్గర పనిచేసిన పట్రాయని సంగీతరావు బాణీలు కట్టేవారు. చండాలిక వంటి నృత్యనాటకాలు వచ్చింది ఆ వాతావరణంలోంచే. పాట కట్టే మనిషికి ఆడే పాదం కనిపిస్తూ ఉండాలి, ఆడే మనిషికి రాసే మనిషి అందుబాటులో ఉండాలి. ఇవాళ మనం చేస్తున్నది ఏమిటి? రికార్డింగ్ ఒక ఊళ్లో, రిహార్సల్ ఒక ఊళ్లో, ప్రదర్శన రోజున అందరూ మొదటిసారి కలుసుకోవడం.

బయటివాళ్లు ఈ విలువ గుర్తించారు. అమెరికాలో టెడ్ షాన్ 1931లో మసాచుసెట్స్ కొండల్లో ఒక పొలం కొని, తన బృందంలోని మగ నర్తకులతో కలిసి పొలం పనీ కట్టుబడి పనీ చేస్తూ నాట్యం సాధన చేశాడు. అదే జేకబ్స్ పిల్లో. ఇప్పటికీ ప్రపంచంలోని నర్తకులు అక్కడ ఉండి పని చేసుకుంటారు. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలో 1990లో ప్రోతిమా బేడీ పెట్టిన నృత్యగ్రామ్ పేరుకు తగ్గట్టు ఊరే. ఢిల్లీలో గతి డాన్స్ ఫోరమ్ వేసవి రెసిడెన్సీలు నడిపి, సమకాలీన నృత్యంలో కొత్తవాళ్లను నిలబెట్టింది. మనకు కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం ఉంది, బందా కనకలింగేశ్వరరావు పూనికతో మొదలైంది. తెలుగు విశ్వవిద్యాలయం చేతికి వచ్చాక సర్టిఫికెట్లు, డిగ్రీలు ఇస్తూ వచ్చింది. అదీ కావాలి. కానీ చదువు అయిపోయిన పాతికేళ్ల నర్తకి తన సొంత కల్పన మీద మూడు నెలలు కూర్చోవడానికి చోటు ఏది? 2016లో విజయవాడలో ఆరు వేల మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ పిల్లల శ్రమను తక్కువ చేయను. ఆ రికార్డు వల్ల ఒక్క కొత్త అడుగు పుట్టిందా అంటే, లేదు.

ఇక మెట్ట సంగతి. నందిగామ, జగ్గయ్యపేటల్లో ఏముందని వస్తారు అంటారేమో. మిరపకోతల కాలంలో చేలోకి వెళ్లి చూడండి. నడుం వంచిన ఆడవాళ్లు వరస కట్టి కదులుతారు. ఎడమచెయ్యి కొమ్మను పట్టి వంచుతుంది, కుడిచెయ్యి కాయను తొడిమతో తుంచి ఒడిలో వేస్తుంది. తల పైకెత్తరు, వరస చెదరదు. దేహం మీద పని చేసే సమకాలీన నర్తకికి ఇంతకు మించిన పాఠశాల లేదు. ఒక పూట వచ్చి ఫోటో తీసుకుపోతే అది అందదు. వాళ్లతో నాలుగు రోజులు కోస్తే తన నడుమే ఆమెకు చెబుతుంది. కోలాటం, చెక్కభజన, డప్పు ఇక్కడ ఇంకా బతికే ఉన్నాయి. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయపుడు 1253 ప్రాంతంలో నృత్తరత్నావళి రాస్తూ ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు దేశి నృత్యానికే ఇచ్చాడు. ఆయన దివిసీమవాడు, మన ఉమ్మడి జిల్లావాడు. జనం ఆటను శాస్త్రంతో సమానంగా కూర్చోబెట్టిన ఆ చూపు ఇప్పుడు మనకు కావాలి.

ఆదరించే అలవాటు ఊరికి లేకపోలేదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అమ్మవారి విగ్రహాలు రంగుల ఉత్సవానికి రెండేళ్లకోసారి జగ్గయ్యపేట వస్తాయి. చిత్రకారుల పని పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండి, కొత్త రంగులతో తిరిగి వెళ్తాయి. దేవతకే బస ఇస్తున్న పట్నం ఇది.

రెసిడెన్సీకి కావలసింది పెద్ద భవనం కాదు. ముందు నేల సరిగ్గా ఉండాలి. సిమెంటు గచ్చు మీద వారాల తరబడి పాదం కొడితే మోకాళ్లూ పిక్కలూ మొరాయిస్తాయి. పేడతో అలికిన మట్టినేల కొంత నయం. అన్నిటికంటే మంచిది, కింద ఖాళీ వదిలి పరిచిన చెక్కపలకల నేల. దెబ్బను అది తీసుకుంటుంది. ఆ తర్వాత వంటిల్లు, నాలుగు గదులు, తలుపేసుకుంటే ఎవరూ పిలవని ఏకాంతం. వారానికోసారి తలుపులు తీసి ఊరివాళ్లను కూర్చోబెట్టాలి. అర్థం కాకపోతే అర్థం కాలేదనే చెప్పాలి, ఆ మాట కళాకారుడికి చప్పట్ల కంటే ఎక్కువ పనికొస్తుంది.

హైదరాబాదు-విజయవాడ రహదారి పక్కన ఎన్నో కల్యాణ మండపాలు ఉన్నాయి. హాలు, వంటిల్లు, గదులు అన్నీ సిద్ధమే. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలు లేక తాళాలు వేసి ఉంటాయి. మండపాల యజమానులకూ, దేవస్థానం పెద్దలకూ, కాలేజీలు నడిపేవారికీ ఒక విన్నపం. వచ్చే ఆషాఢంలో ఆ నెల రోజులూ ఒక్క హాలు ఇవ్వండి. అద్దెకు తెచ్చిన చెక్కపలకలు, రెండు పూటలా అన్నం, ముగ్గురు నలుగురు నర్తకులు. మొదలుపెట్టడానికి అంతకు మించి అవసరం లేదు.